ముందు చూడనివ్వండి: సామాజిక శాస్త్రాల పాఠ్య ప్రణాళికా మండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్య ప్రణాళికా మండళ్ల సభ్యులకు, పరిశోధనా సలహా సంఘాల పెద్దలకు,

నమస్కారాలు.

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సమాజశాస్త్రం, అర్థశాస్త్రం, మనోవిజ్ఞానం, మానవశాస్త్రం చదివే పిల్లలకు ఏం బోధించాలో, ఎలాంటి పరిశోధనకు అనుమతి ఇవ్వాలో నిర్ణయించేది మీరు. నేను ఇరవై తొమ్మిదేళ్లు డిగ్రీ కళాశాలల్లో సమాజశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మీలో కొందరు నాతో చదువుకున్నవారు, ఒకరిద్దరు నా దగ్గర చదువుకున్నవారు. ఆ చనువుతోనే రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. మన విద్యార్థులు జనాన్ని ప్రశ్నలు అడగబోయే ముందు, జనం మధ్య కూర్చుని చూడటం నేర్చుకోవాలి. అలా చూడటానికి గంటలు కేటాయించండి, మార్కులు వేయండి, చూసినదాన్ని పద్ధతిగా వర్ణించిన సిద్ధాంత గ్రంథాన్ని పరిశోధనగా అంగీకరించండి.

ఈ మాట ఇప్పుడెందుకు అంటున్నానో చెబుతాను.

నా పూర్వ విద్యార్థిని ఒకామె పీహెచ్‌డీలో చేరి భవన నిర్మాణ కూలీల మీద పని చేయాలనుకుంది. సలహా అడిగితే, ముందు కూలీలు పని కోసం వచ్చి నిలబడే అడ్డా దగ్గర కూర్చో అన్నాను. ఆమె కూర్చుంది. అడ్డాకు ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద, తెల్లవారుజామున అయిదున్నర నుంచి పదకొండు గంటల దాకా, నలభై రోజులు. మొదటి వారం అక్కడి ఆడవాళ్లు "ఎవరమ్మా నువ్వు, లేబరు ఆఫీసు నుంచి వచ్చావా?" అని అడిగారు. తాను ఎవరో, ఎందుకు వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పింది. రెండో వారం ఒక రోజు వెళ్లకపోతే, మర్నాడు "నిన్న రాలేదేం, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారట.

ఆమె నోటు పుస్తకాలు చదివాను. మేస్త్రి మోటారు సైకిలు ఆగగానే మగవాళ్లు చుట్టూ మూగుతారు. ఆడవాళ్లు కదలరు, రావిచెట్టు కింద జంటలుగా నిలబడి ఉంటారు, ఒక్కరిని పిలిస్తే ఒక్కరే వెళ్లరు. చేతిలో తాపీయో పారో ఉన్నవాడికి ముందు పిలుపు వస్తుంది కాబట్టి, పనిముట్టు లేనివాడు పక్కవాడి పార కాసేపు పట్టుకుని నిలబడతాడు. ఏడున్నర దాటాక "ఎంత ఇస్తారు?" అనే మాట వినిపించదు, "ఎక్కడికి?" అనే మాట ఒక్కటే మిగులుతుంది. పిలుపు రానివాళ్లు వెంటనే ఇంటికి పోరు. తెచ్చుకున్న క్యారియరు విప్పి అక్కడే తిని, పదకొండు దాకా కూర్చుని అప్పుడు లేస్తారు. ఎందుకని ఆమె అడగలేదు. ముప్ఫయ్యో రోజునో ఆ తర్వాతో ఒక పెద్దాయన తనంతట తానే చెప్పాడు: "పొద్దున్నే తిరిగిపోతే పిల్లలు బడికి పోతూ చూస్తారమ్మా."

ఈ పుస్తకాలతో ఆమె పరిశోధనా సంఘం ముందుకు వెళ్లింది. పరికల్పన, అంటే రుజువు చేయబోయే ఊహ, ఏదన్నారు. శాంపులు ఎంతన్నారు. ప్రశ్నావళి ఎక్కడన్నారు. కథలా ఉంది తప్ప పరిశోధనలా లేదన్నారు. చేసేది లేక ఆమె నూటయాభై మంది చేత ప్రశ్నావళి నింపించింది. నెలకు ఎన్ని రోజులు పని దొరుకుతుందన్న ప్రశ్నకు ఎక్కువమంది "ఇరవై, ఇరవై అయిదు" అని చెప్పారు. వాళ్లలో చాలామంది వారానికి రెండు మూడు రోజులు ఆ చెట్టు కిందే ఉండిపోవడం ఆమె కళ్లారా చూసింది, తేదీలతో సహా రాసుకుంది. గ్రంథంలోకి మాత్రం ఆ ఇరవై, ఇరవై అయిదే ఎక్కాయి. నోటు పుస్తకాలకు అనుబంధంలో కూడా చోటు దక్కలేదు. డిగ్రీ వచ్చింది. ఆ రోజు నాకు ఫోను చేసి ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ కూలీలు అబద్ధం చెప్పారని నేను అనను. చదువుకున్న ఒక అమ్మాయి కాగితం పట్టుకుని "నీకు పని దొరుకుతుందా?" అని అడిగితే, దొరకదని చెప్పడానికి ఎవరికైనా నోరు రాదు. బడికి పోయే పిల్లల కంట పడకూడదని పదకొండు దాకా చెట్టు కింద కూర్చునే మనిషి, ముక్కూ మొహం తెలియని వాళ్ల కాగితం మీద మాత్రం తన ఖాళీ రోజుల లెక్క ఎందుకు ఒప్పుకుంటాడు? మాట ఒక సందర్భంలో పుడుతుంది, చేత మరో సందర్భంలో జరుగుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడమే మన శాస్త్రాల అసలు పని అని నేను నమ్ముతాను. ఒక్క మాటనే కొలిచి ఊరుకుంటే ఆ దూరం ఉన్నట్టే మనకు తెలియదు.

ఇది కొత్త సంగతి కాదు. రిచర్డ్ లాపియేర్ అనే అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు 1930లో మొదలుపెట్టి రెండేళ్ల పాటు, ఒక చైనా యువ దంపతులతో కలిసి కారులో సుమారు 10,000 మైళ్లు తిరిగాడు. ఆ దేశంలో చైనావారంటే బాహాటంగా ద్వేషం ఉన్న రోజులవి. వాళ్లు ముగ్గురూ 251 హోటళ్లు, భోజనశాలల్లో అడుగుపెట్టారు. చోటు లేదు పొమ్మన్నది ఒక్కచోట. తర్వాత ఆయన అవే హోటళ్లకు, భోజనశాలలకు ప్రశ్నావళి పంపి, చైనా జాతివారిని మీ దగ్గర అతిథులుగా అంగీకరిస్తారా అని అడిగాడు. జవాబిచ్చినవి 128. వాటిలో నూటికి తొంభైకి పైగా అంగీకరించమని రాశాయి. 1934లో ఆయన ఈ ఫలితాలు ప్రచురించాడు. దీని మీద న్యాయమైన విమర్శలున్నాయి. గది ఇచ్చిన గుమస్తా, ఉత్తరానికి జవాబు రాసిన యజమాని ఒకరే కాకపోవచ్చు. పక్కన తెల్లవాడు ఉండటం వల్ల కూడా మర్యాద దక్కి ఉండవచ్చు. పైగా తాను లెక్కలు రాసుకుంటున్నట్టు ఆ దంపతులకే ఆయన చెప్పలేదు, అది నాకు నచ్చదు. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినవారెవరూ ప్రశ్నావళిని ఇదివరకటి నమ్మకంతో చూడలేరు.

చూడటం అంటే ఏమిటో నాకు అన్నిటికంటే బాగా నేర్పింది ఆస్ట్రియాలోని ఒక చిన్న ఊరి కథ. మీలో చాలామంది చదివే ఉంటారు. చదివినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే మన అడ్డాకు దానికంటే దగ్గరి చుట్టం లేదు.

వియన్నాకు దగ్గర్లో మారియంతాల్ అనే ఊరు. ఊరంతటికీ ఒకే ఆధారం, ఒక నూలు, బట్టల మిల్లు. 1929లో వచ్చిన మాంద్యంలో అది మూతపడింది. 1931 చివర్లో మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే యువ పరిశోధకులు, వారి మిత్రులు ఆ ఊరికి వెళ్లారు. యహోదాకు అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. ఊళ్లో 478 కుటుంబాలు, అత్యధిక భాగం ఇళ్లలో ఒక్కరికి కూడా పని లేదు. వీళ్లు ఒక నియమం పెట్టుకున్నారు: ఊళ్లోకి వచ్చే ఏ పరిశోధకుడూ ఉత్త చూసేవాడుగా రాకూడదు, ఊరికి పనికొచ్చే పని ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. పాత బట్టలు సేకరించి పంచారు, ఉచితంగా వైద్యం చేయించారు, బట్టలు కత్తిరించడం నేర్పారు, ఆడపిల్లలకు వ్యాయామం నేర్పారు. ఆ పనుల మధ్యే చూశారు.

ఏం చూశారు? నడక చూశారు. ఊరి ప్రధాన వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో, దారిలో ఎన్నిసార్లు ఆగుతున్నారో లెక్కపెట్టారు. మగవాళ్లు నెమ్మదిగా, ఆగి ఆగి నడుస్తున్నారు. ఆడవాళ్లు ఆగకుండా, చకచకా పోతున్నారు. ఇంటిపని పోలేదు కాబట్టి వాళ్లకు సమయం ఇంకా సమయంగానే మిగిలింది, మగవాళ్లకు అది కరిగిపోయింది. చాలామంది మగవాళ్లు గడియారం పెట్టుకోవడం మానేశారు. రోజు ఎలా గడిచిందో గంటల వారీగా రాయమంటే, పొద్దున పిల్లల్ని లేపడం రాసి, ఆ తర్వాత ఒకడు రాసిన మాట: "ఇంతలో మధ్యాహ్నమవుతుంది." ఆ ఒక్క వాక్యంలో ఉన్నంత నిరుద్యోగం ఏ పట్టికలో ఉంటుంది?

గ్రంథాలయం లెక్కలు కూడా చూశారు. పుస్తకాలు తీసుకోవడానికి రుసుము ఎత్తేశారు, చదవడానికి కావలసినంత తీరిక ఉంది, అయినా తీసుకెళ్లే పుస్తకాలు రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. పని పోతే జనం తిరగబడతారని అప్పటి రాజకీయ నాయకులు, మేధావులు ఊహించారు. మారియంతాల్‌లో కనిపించింది తిరుగుబాటు కాదు, నీరసం. ఇది "మీకు కోపంగా ఉందా?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు కాదన్నది గమనించండి. నడకలో, గడియారంలో, పుస్తకాల చిట్టాలో కనిపించింది. అక్కడ లెక్కలు లేవని కూడా ఎవరూ అనలేరు. లాజర్స్‌ఫెల్డ్ గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. అంకెను వదిలిపెట్టమని నేను అడగటం లేదు. ఏది లెక్కపెట్టాలో చూసినవాడికే తెలుస్తుందని అంటున్నాను. వీధిలో నిలబడకుండా "దారిలో ఎన్నిసార్లు ఆగారు?" అన్న ప్రశ్న ఎవరికి తడుతుంది?

మన నేల మీద ఈ పద్ధతికి వేళ్లు లేవనుకుంటే పొరపాటు. 1916లో, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసు విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర ఆచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులను ఊళ్ల పరిశీలనకు పురమాయించాడు. వాళ్లు తమకు తెలిసిన పల్లెలకే వెళ్లి రాసుకొచ్చిన వివరాలు పుస్తకంగా వచ్చాయి. వందేళ్ల కిందట విద్యార్థి రాత అచ్చుకు అర్హమైంది.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో నిజాం ప్రభుత్వానికి కాగితాల్లో దొరకలేదు. ఆస్ట్రియాలో పుట్టి, యుద్ధం వల్ల హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఆ అడవులకు పంపింది. ఆయన అప్పటికే నల్లమలలో చెంచుల మధ్య ఉండి వచ్చాడు. తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య నెలల తరబడి ఉన్నాడు. ఆ గోండు గూడేల్లో మార్లవాయి ఒకటి. అక్కడే 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఆయన భార్య బెట్టీ సమాధి ఇవాళ్టికీ మార్లవాయిలోనే ఉంది. ఆయన ప్రభుత్వం మనిషి, ఆయన చూపుకు హద్దులున్నాయి, ఆ విమర్శను నేను కాదనను. కానీ గోండు బిడ్డకు గోండీలో పాఠం చెప్పాలన్న ఆలోచన, గూడెంలో ఉండి రాత్రుళ్లు కథలు విన్న మనిషికి వచ్చినట్టు సచివాలయంలో కూర్చున్నవాడికి రాదు.

ఇక షామీర్‌పేట్. ఇవాళ బాహ్యవలయ రహదారి, న్యాయ విశ్వవిద్యాలయం, స్థలాల ధరలు గుర్తొస్తాయి. 1951-52లో అది ఒక పల్లె. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి మానవశాస్త్రజ్ఞుడు శ్యామా చరణ్ దూబే నాయకత్వంలో ఒక బృందం అక్కడికి వెళ్లింది. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసినవారు కూడా అందులో ఉన్నారు. వాళ్లు సేవ చేస్తూనే చూశారు, మారియంతాల్ నియమం లాంటిదే. కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, పండుగలు, కుటుంబంలో పెద్దరికం, పొలం పనుల వరస అన్నీ రాశారు. 1955లో వెలువడిన ఆ గ్రంథం భారతీయ గ్రామ అధ్యయనాలకు దారి చూపిన తొలి పుస్తకాల్లో ఒకటి. అది మన విశ్వవిద్యాలయం నుంచి, మన ఊరి మీద వచ్చిన పని. ఆ దారి మనమే మూసుకున్నామన్నది నా బాధ.

1961 జనగణన సంగతి చాలామందికి గుర్తులేదు. అశోక్ మిత్రా రిజిస్ట్రార్ జనరల్‌గా ఉన్నప్పుడు తలల లెక్కతో పాటు ప్రతి రాష్ట్రంలో ఎంపిక చేసిన గ్రామాల మీద విడివిడిగా పుస్తకాలు రాయించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామాల మీద కూడా వచ్చాయి. ఇంటి కప్పు దేనితో వేశారు, ఏ నగకు ఏ పేరు, ఏ పనిముట్టు ఎలా ఉంటుంది, పెళ్లిలో ఏ తంతు తర్వాత ఏది వస్తుంది అన్నీ వాటిలో ఉన్నాయి. రాసినవారిలో ఎక్కువమంది ఆచార్యులు కారు, జనగణన శాఖలో ఉద్యోగులు. పాత గ్రంథాలయాల్లో అట్టలు ఊడిపోయి దొరికే ఆ పుస్తకాల్లో, మా అమ్మ నోట విన్న మాటలు నాకు కనిపించాయి. అరవై ఏళ్ల తర్వాత ఆ ఊళ్లకే మళ్లీ వెళ్లి చూసి రావడానికి ఇంతకంటే మంచి పునాది ఏముంటుంది? నేను అడిగిన విద్యార్థుల్లో ఒక్కరు కూడా ఆ పుస్తకాల పేరు విని ఉండలేదు.

చూడటం అమాయకమైన పని కాదని కూడా ఇక్కడే చెప్పాలి. లేకపోతే నా వాదం సగమే అవుతుంది. బ్రిటిషు పాలనలో మన ప్రాంతాన్ని చూసి వర్ణించినవాళ్లు తక్కువేమీ లేరు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ మనుషుల ముక్కులు, తలలు కొలిచాడు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఆయన ప్రచురించిన ఏడు సంపుటాలు మనం ఇప్పటికీ తిరగేస్తాం. పోలీసు అధికారులు ఫలానా కులం దొంగతనం ఎలా చేస్తుందో వర్ణిస్తూ పుస్తకాలు రాశారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశాక, అలాంటి వర్ణనలు ఎరుకల కుటుంబాల మెడకు చుట్టుకున్నాయి. స్టూవర్టుపురం లాంటి స్థావరాల్లో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడయ్యాడు. 1952లో చట్టం పోయింది, ముద్ర పోవడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో. ఎదుటివాడిని మనిషిగా కాక నమూనాగా చూస్తే, ఆ చూపు లాఠీ కంటే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

అందుకే ఈ విద్యను వదిలేయకుండా నేర్పాలంటున్నాను. నేర్పకపోతే పిల్లలు చూడటం మానేస్తారా? మానరు. ఇంట్లో, వీధిలో, టీవీలో అబ్బిన చూపుతోనే చూస్తారు. ప్రశ్నావళిలో "మీ వెనుకబాటుతనానికి కారణం: నిరక్షరాస్యత, మూఢనమ్మకం, బద్ధకం" అని గళ్లు గీసి తెచ్చిన విద్యార్థిని నేనెరుగుదును. మంచి పిల్లవాడు. తన మనసులో ఉన్న అభిప్రాయాన్నే గళ్లుగా గీశానని అతనికి తెలియదు. పది రోజులు ఆ వాడలో కూర్చుని, తెల్లవారకముందే లేచి కూలికి బయలుదేరే ఆడవాళ్లను చూసి ఉంటే ఆ మూడో గడి అతని చేత్తో గీయగలిగేవాడా?

ఇది వ్యక్తిగత అభిప్రాయం అవుతుంది, చూసేవాడు మారితే ఫలితం మారుతుంది అనే అభ్యంతరం మీ దగ్గర ఎన్నోసార్లు విన్నాను. నిజమైన అభ్యంతరమే. దానికి మందు కూడా ఈ పద్ధతిలోనే ఉంది, అందుకే తరగతిలో చెప్పాలి. నేను నా పిల్లలకు నోటు పుస్తకంలో ఎడమ పేజీ, కుడి పేజీ వేరు చేయించేదాన్ని. ఎడమ పేజీలో కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే. కుడి పేజీలో తనకు అనిపించింది. "మేస్త్రి కోపంగా ఉన్నాడు" అని ఎడమ పేజీలో రాస్తే కొట్టేసేదాన్ని. గొంతు పెంచాడా, సంచి విసిరాడా, అడిగినదానికి జవాబివ్వకుండా బండి తీశాడా, అది రాయాలి. కోపం సంగతి కుడి పేజీలో. ఏ రోజు రాత అదే రోజు రాత్రి పూర్తి కావాలి. గంటకు నాలుగుసార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు అని నియమం పెట్టుకుని చూడాలి, వింతగా ఉన్నప్పుడే చూస్తే వింతలే మిగులుతాయి. ఒకే చోటుకు ఇద్దరిని విడివిడిగా పంపి, వాళ్ల లెక్కలు ఎంతవరకు కలిశాయో చూడాలి. కలవనిచోట ఎందుకు కలవలేదో చర్చిస్తే ఆ రోజు తరగతి గంట సరిపోదు.

చూసేవాడు ఉన్నాడని తెలిస్తే జనం మారిపోతారు అంటారు. మారతారు, కొన్నాళ్లు. చికాగో దగ్గర హాథోర్న్ కర్మాగారంలో 1931-32లో, టెలిఫోను పరికరాలకు తీగలు బిగించే 14 మంది పనివాళ్లను ఒక గదిలో ఉంచి పరిశీలించారు. పరిశీలకుడు అదే గదిలో కూర్చునేవాడు. ఆజ్ఞలు ఇవ్వకూడదు, వాదనకు దిగకూడదు, ఎవరి మాటలూ పైవారికి చేరవేయకూడదు. మొదట అనుమానంగా చూసిన పనివాళ్లు క్రమంగా అతని ముందే మామూలుగా మాట్లాడటం, పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. రోజుకు ఇంతకు మించి పని చేయకూడదని తమలో తామే హద్దు పెట్టుకోవడం, మించినవాడి భుజం మీద గుద్దడం, అన్నీ అతని కళ్ల ముందే జరిగాయి. ఏ ప్రశ్నావళికీ వాళ్లు ఆ సంగతి చెప్పి ఉండేవారు కారు. నా విద్యార్థినిని "నిన్న రాలేదేం" అని అడిగిన రోజున ఆ అడ్డా కూడా అంతే తెరుచుకుంది.

వర్ణన కారణం చెప్పదన్నది మరో మాట. చెప్పదు, ఒప్పుకుంటాను. ఆడవాళ్లు జంటలుగా ఎందుకు వెళ్తారో చెట్టు కింద కూర్చుని రుజువు చేయలేం. కానీ వాళ్లు జంటలుగా వెళ్తారన్న సంగతే తెలియనివాడు కారణం దేనికి వెతుకుతాడు?

భాష సంగతి మీరు ప్రత్యేకంగా ఆలోచించాలి. మన విద్యార్థి తెలుగులో చూస్తాడు, తెలుగులో వింటాడు, ఇంగ్లీషులో రాస్తాడు. ఆ దాటింపులో సరుకంతా కారిపోతుంది. అడ్డాలో "రోజు కూలి" వేరు, "గుత్త పని" వేరు. "పని లేదు" వేరు, "పని దొరకలేదు" వేరు. పని లేదన్నవాడు ఊరి పరిస్థితి చెబుతున్నాడు, దొరకలేదన్నవాడు తన ఓటమి చెబుతున్నాడు. ఇంగ్లీషు పట్టికలో ఈ నాలుగు మాటలకు రెండే గళ్లు. క్షేత్రంలో రాసుకున్నది తెలుగులోనే గ్రంథంలో ఉండనివ్వండి, ఉర్దూ, గోండీ, కోయ, లంబాడీ మాటలైతే తెలుగు లిపిలో ఉండనివ్వండి. విశ్లేషణ ఏ భాషలో రాస్తారో తర్వాతి సంగతి.

సమాజశాస్త్రజ్ఞుడు ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతంలోని ఒక పల్లెలో 1948లో ఉండి రాసుకున్న వివరాలను ఏళ్ల తరబడి పద్ధతిగా సిద్ధం చేసుకున్నారు. 1970లో అమెరికాలో ఆయన ఉన్న పరిశోధనా కేంద్రానికి దుండగులు నిప్పు పెడితే ఆ ప్రతులన్నీ కాలిపోయాయి. జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన ఆ ఊరి గురించి పుస్తకం రాశారు, 1976లో వచ్చింది. దాన్ని చదివినప్పుడల్లా అనుకుంటాను, నూటయాభై ప్రశ్నావళులు కాలిపోతే మన విద్యార్థి దగ్గర ఏం మిగులుతుంది?

ఇప్పుడు చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలులోకి వచ్చిన డిగ్రీ పాఠ్య ప్రణాళికలో సామాజిక సేవా ప్రాజెక్టు పేరుతో విద్యార్థి 180 గంటలు ఊళ్లో పని చేయాలన్న నియమం ఉంది. చాలా మంచి నియమం. వేల మంది పిల్లలను ఇంటింటికీ పంపే ఆ గంటల్లో సామాజిక ఆర్థిక సర్వేకే పెద్దపీట పడుతోంది. వరండాలో కూర్చుని నలుగురు కలిసి ఆ ఫారాలు నింపేయడం నేను చూశాను. పిల్లలను తిట్టి లాభం లేదు, ఏం చూడాలో మనం చెప్పలేదు. ఆ 180 గంటల్లో మొదటి 40 గంటలు ఏ ఫారమూ చేతికివ్వకండి. రేషను దుకాణం, అంగన్‌వాడీ, బస్టాండు, ఉపాధి హామీ పని చోటు, ఏదో ఒక్కచోటు ఎంచుకుని చూసి రాయమనండి. ప్రశ్నలు ఆ నోటు పుస్తకం నుంచే పుట్టాలని షరతు పెట్టండి. తెలంగాణలో ఎం.ఏ. ప్రాజెక్టులకు కూడా ఇదే వర్తింపజేయవచ్చు.

పీహెచ్‌డీ నిబంధనల్లో పరికల్పన తప్పనిసరి అన్న వాక్యం ఎక్కడుంటే అక్కడ, వర్ణనాత్మక అధ్యయనానికి అది అవసరం లేదని ఇంకో వాక్యం చేర్చండి. నోటు పుస్తకాలను, మనుషుల పేర్లు, ఆనవాళ్లు తీసేసి, గ్రంథంతో పాటు భద్రపరచండి. ఎవరిని చూస్తున్నారో వారికి ఆ సంగతి చెప్పడం, వద్దన్నచోట లేచి రావడం, రాసినదాన్ని వారికి వారి భాషలో చదివి వినిపించడం నియమం చేయండి. మూడోది కష్టమని తెలుసు. నా పిల్లల చేత నాలుగైదుసార్లు చేయించాను. "అది అలా కాదమ్మా" అని జనం దిద్దిన చోట్లే ఆ వ్యాసాల్లో అన్నిటికంటే బాగున్న చోట్లు.

చివరిగా, నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. షామీర్‌పేట్‌కు వెళ్లినవారు బయటివారు, మార్లవాయికి వెళ్లినవాడు పరదేశి. ఇవాళ మన తరగతుల్లో కూర్చుంటున్న పిల్లలు ఆ ఊళ్ల నుంచే, ఆ గూడేల నుంచే, ఆ వాడల నుంచే వస్తున్నారు. వాళ్ల ఇళ్లలో చదువుకు వచ్చిన మొదటి తరం వాళ్లు. ఊరి బావి దగ్గర ఎవరు ఎక్కడ నిలబడతారో, పెళ్లి బంతిలో ఎవరికి ఎక్కడ విస్తరి పడుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్న కళ్లు వాళ్లవి. దూబే ఏడాది ఉండి తెలుసుకున్నది వాళ్లకు ఏడేళ్ల వయసుకే తెలుసు. అలాంటి పిల్లవాడి చేతికి ఎక్కడో తయారై అనువాదమై వచ్చిన ప్రశ్నావళి ఇచ్చి, నువ్వు చూసింది లెక్కలోకి రాదు, ఈ గళ్లు నింపు అంటున్నాం. ఒకసారి ఒక మాదిగ విద్యార్థి నన్ను అడిగాడు: "మేడమ్, మా నాన్న చెప్పు కుట్టే తీరు రాస్తే ప్రాజెక్టు అవుతుందా?" అవుతుందని చెప్పాను. నెల రోజులు తండ్రి పక్కన కూర్చుని అరవై పేజీలు రాశాడు. తోలు తడిపే దగ్గర నుంచి బేరం దాకా, బేరంలో ఎవరు ఆయన్ని ఏమని పిలుస్తారో దానితో సహా. బయటి పరీక్షకుడు దానికి పాస్ మార్కులు వేసి ఊరుకున్నాడు. నా ఇరవై తొమ్మిదేళ్లలో నేను చదివిన ప్రాజెక్టుల్లో అంతకంటే మంచిది లేదు.

ఆ అరవై పేజీల నకలు నా దగ్గర ఉంది. అడ్డా నోటు పుస్తకాలు ఏడు, ఆ అమ్మాయి అనుమతితో, అవి కూడా నా దగ్గరే ఉన్నాయి. మీ తర్వాతి సమావేశం ఎప్పుడో తెలియజేస్తే రెండూ తెచ్చి బల్ల మీద పెడతాను. నేను మాట్లాడను. ఒక గంట మీరు చదివితే చాలు.

ఇట్లు,
విశ్రాంత సమాజశాస్త్ర అధ్యాపకురాలు